ఇంట్లోని గ్యాసు గొట్టం, నీళ్ళ పైపు గురించి: దక్షిణ ఒడిశా అధికారులకు, గ్యాస్ పంపిణీదారులకు, ప్లంబింగ్ మేస్త్రీలకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల కలెక్టర్ గార్లకు, పురపాలక అధికారులకు, వంటగ్యాస్ పంపిణీదారులకు, మా ప్లంబింగ్ మేస్త్రీలకు నమస్కారాలు.

మాది ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది ఏదో ఒక ఆఫీసు మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. కానీ బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం, జయపురం నుంచి సరుకు కోసం వచ్చే మేస్త్రీలు నాతో చెప్పే మాటలూ ఇవే. నేను పైపుల సామాన్ల కొట్టు నడుపుతాను. ఎల్బోలు (పైపును మలుపు తిప్పే ముక్కలు), టీలు (పైపును రెండుగా చీల్చే ముక్కలు), బాల్ వాల్వులు, టెఫ్లాన్ టేపు అమ్ముకునే మనిషిని. ఆ కొట్టులో కూర్చుంటే ఊళ్ళో ఎవరింట్లో ఏం కారుతోందో, ఎవరు దాన్ని దేనితో మూశారో ఇట్టే తెలిసిపోతుంది.

కిందటేడు మా వీధివాళ్ళం సంతకాలు పెట్టి, సోమవారం ఫిర్యాదుల రోజున అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకు వెళ్ళి అడిగితే సంబంధిత శాఖకు పంపామన్నారు. ఆ శాఖవాళ్ళు గ్యాసు మాది కాదు, కంపెనీలది అన్నారు. పంపిణీదారు దగ్గరికి పోతే, గొట్టం బయట కొనుక్కుంటే మాకేం సంబంధం అన్నారు. నీళ్ళ పైపు సంగతి అడిగితే, మెయిన్ లైను వరకే మా బాధ్యత, మీ ఇంటి కనెక్షను మీరే చూసుకోవాలన్నారు. ఎవరి మాటా అబద్ధం కాదు. అందరి మాటలూ కలిపితే మాత్రం వంటింట్లో ఉన్న మనిషికి దిక్కు లేదు.

తెలుగులో రాశానని దీన్ని పక్కన పెట్టవద్దని మనవి. దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం అందరికీ ఇచ్చింది. ఒడియా నాకు వచ్చు. బిల్లులు ఒడియాలోనే రాస్తాను. కానీ ఈ లేఖ మీతోపాటు మా వీధిలోని ఆడవాళ్ళు కూడా చదవాలి.

ఇక విషయానికి వస్తాను.

1. వంటింటి గ్యాసు గొట్టం.

"బాబూ, గ్యాస్ పైపు రెండున్నర మీటర్లు కొయ్యి." మా కొట్టులో తరచుగా వినబడే మాట ఇది. అంత ఎందుకమ్మా అంటే, సిలిండరు వరండాలో ఉంది, పొయ్యి లోపలుంది, మధ్య గోడకు కన్నం కొట్టించాం అంటారు. కొందరు దారిలో ఒక టీ బిగించి రెండో పొయ్యికి లాగుతారు, పిండివంటలప్పుడు పెరట్లోకి కావాలని. గొట్టం మీటరున్నర దాటకూడదు, గోడలోంచి పోకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. లోపల ఉక్కు తీగల అల్లిక ఉండి, ఐఎస్ 9573 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) గుర్తు ఉన్న రబ్బరు గొట్టమే వాడాలి. దానికి కూడా ఐదేళ్ళే ఆయుష్షు. తేదీ గొట్టం మీదే అచ్చువేసి ఉంటుంది. ఇవేవీ రహస్యాలు కావు. కానీ మా ఊళ్ళో ఇవి తెలిసిన ఇల్లాలిని వెతికి పట్టుకోవాలి.

మొన్న ఒక అమ్మ పాత గొట్టం చేతిలో పట్టుకొచ్చారు. సంతలో మీటరు లెక్కన అమ్మే ఆకుపచ్చ రకం. రెగ్యులేటరు వైపు చివర గోరు దిగనంత గట్టిపడిపోయింది. పొయ్యి వైపు చివర నూనె మసి, ఆ మసిలో ఒక ఆవగింజ. నేను దాన్ని వేలి చుట్టూ వంచి చూస్తే పైనంతా సన్నని గీతలు విచ్చుకున్నాయి. ఒక గీతలోంచి లోపలి తెల్లదనం కనబడుతోంది. ఆవిడ కొత్తది కొనడానికి రాలేదు. "ఈ కొస వదులైపోయింది, రెండు వేళ్ళ మేర కోసి ఇస్తే మళ్ళీ బిగుస్తుంది కదా" అన్నారు. రెండో కొస అప్పటికే కత్తిపీట మీద ఏటవాలుగా కోసి ఉంది. అంటే ఈ వైద్యం ఇదివరకు ఒకసారి జరిగిందన్నమాట. కనెక్షనుతో వచ్చిన నారింజ రంగు గొట్టం ఏదమ్మా అంటే, పాతబడిందని తీసి బట్టలారేసుకునే దండేనికి కట్టారట. ఆ దండెం గొట్టమే దీనికంటే నయం.

ఆవిడకు బుద్ధిలేక కాదు. ఉజ్జ్వల పథకం 2016 మే 1న మొదలైంది. తొలి విడతలో గ్యాసు తీసుకున్న ఇళ్ళ గొట్టాలకు గడువు ఎప్పుడో తీరిపోయింది. గ్యాసు ఇచ్చేటప్పుడు ఫొటో తీశారు, కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నారు. ఐదేళ్ళకు గొట్టం మార్చాలని ఎవరైనా చెప్పారా అంటే, ఒక కార్డు ఇచ్చారు, అది ఒడియాలోనో హిందీలోనో ఉంది. బియ్యం డబ్బా అడుగున భద్రంగా పెట్టుకున్నారు.

సిలిండరులోని గ్యాసు గాలికంటే దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. పైన వెంటిలేటరు తెరిచే ఉంది కదా అనుకుంటే లాభం లేదు, గాలి పోవడానికి నేలమట్టానికి దగ్గర దారి ఉండాలి. కొత్త ఇళ్ళలో వంటగట్టు కింద తలుపుల బీరువా చేయించి సిలిండరును అందులో దాస్తున్నారు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. గ్యాసు అక్కడే నిండిపోతుంది. సిలిండరులో ద్రవంగా ఉన్నది ఒక లీటరు బయటపడితే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఆ వాయువు గాలిలో 2 శాతం నుంచి 9 శాతం మధ్య కలిసి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాసుకు సొంత వాసన లేదు. కారినప్పుడు తెలియాలనే మెర్కాప్టన్ అనే కంపు పదార్థం కలుపుతారు. కాబట్టి ఆ కంపు కొట్టిందంటే అప్పటికే ఏదో జరుగుతోందని అర్థం. రెగ్యులేటరు ఆపి, సిలిండరుకు ప్లాస్టిక్ మూత పెట్టి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. లైటు వేయకూడదు. వెలుగుతున్న లైటు ఆర్పనూ కూడదు. ఈ రెండోది చాలామందికి తెలియదు, కంగారులో ముందు చేసేది అదే. ఇక లీకు ఎక్కడుందో అగ్గిపుల్ల వెలిగించి చూసే మొనగాళ్ళు మా వృత్తిలో ఇంకా ఉన్నారు. సబ్బు నురుగు రాస్తే బుడగలే చెబుతాయి, రూపాయి ఖర్చు లేదు.

సిలిండరు మెడ దగ్గర లోపలి వైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే మిగతా మూడు నెలలు. పక్కన ఉన్నది సంవత్సరం. అది ఆ సిలిండరును మళ్ళీ పరీక్ష చేయించాల్సిన గడువు. గడువు దాటిన సిలిండరు వస్తే వద్దనే హక్కు మనకుంది. బండివాడు దించేసి పోయాక తెలిసి ఏం ప్రయోజనం?

2. గుమ్మం దాటని తనిఖీ.

ప్రతి గ్యాసు కనెక్షనుకూ ఐదేళ్ళకోసారి తప్పనిసరి తనిఖీ ఉంది. కాగితం చూస్తే ముచ్చటేస్తుంది. గొట్టం గడువు, రెగ్యులేటరు, పొయ్యి ఎత్తు, గాలి రాకపోకలు, అన్నిటికీ గళ్ళున్నాయి. మా ఇంటికి వచ్చిన కుర్రాడు చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి గళ్ళన్నీ టిక్కు పెట్టుకుని, "అంకుల్, ఇక్కడ ఒక సైన్" అన్నాడు. వంటిల్లు చూడవా బాబూ అంటే ఇంకా చాలా ఇళ్ళున్నాయన్నాడు. వాడి తప్పు కాదు, ఇంటికింత అని ఇచ్చే కూలికి వాడి రోజు గడవాలి కదా. ఆ కూలి ఎంతో నిర్ణయించినవాళ్ళను అడగాలి.

ఈ కాగితం ఉత్త లాంఛనమైతే పోనీ అనుకోవచ్చు. దాని వెనక బీమా ఉంది. చమురు కంపెనీల బీమా కింద గ్యాసు ప్రమాదంలో మనిషి చనిపోతే 6 లక్షలు, గాయపడితే వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు వస్తాయి. ఇందుకోసం వినియోగదారుడు విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. అయితే ఆస్తి నష్టం పరిహారం కనెక్షను నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. మా సరిహద్దు ఊళ్ళలో చిక్కు ఇక్కడే. కనెక్షను అటు పాతపట్నంలో అత్తగారి పేరున ఉంటుంది, పొయ్యి ఇటు ఒడిశాలో వెలుగుతుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా సిలిండరు ఆటోలో వెనకే వస్తుంది, చిరునామా మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతుంది. ఇల్లు కాలాక ఈ నిబంధన చదివి వినిపించడం కంటే, సిలిండరు దింపేటప్పుడే ఒక మాట అడగవచ్చు కదా.

3. స్నానాల గదిలో గీజరు.

కోరాపుట్, సునాబెడ, పొట్టంగి వైపు చలికాలం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కరెంటు బిల్లు తక్కువని గ్యాసు గీజర్లు కొంటున్నారు. కొని, తలుపేసుకునే చిన్న స్నానాల గదిలోనే బిగించమంటున్నారు. బిగించేవాళ్ళూ బిగిస్తున్నారు. మూసిన గదిలో మంట మండితే ఆక్సిజన్ తగ్గి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. తల తిరుగుతున్నట్టుంటుంది, లేచి తలుపు తీసే శక్తి ఉండదు. బయటివాళ్ళు నీళ్ళ చప్పుడు విని ఇంకా స్నానం చేస్తున్నారనే అనుకుంటారు. గ్యాసు గీజరు స్నానాల గది బయట ఉండాలి, దాని పొగ గొట్టం ఆరుబయటికి పోవాలి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి రావాలి. ఇందులో వాదనకు తావు లేదు.

కరెంటు గీజరుకు మరో జబ్బు. దాని అడుగున ఒత్తిడి ఎక్కువైతే నీళ్ళు వదిలే చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది. అది అప్పుడప్పుడు చుక్కలు కారుస్తుంది, కార్చడమే దాని పని. గోడ తడుస్తోందని దానికి డెడ్ ప్లగ్గు కొట్టించేస్తారు. అర అంగుళం ప్లగ్గు ఇవ్వండి అంటే ఎక్కడికి అని అడుగుతాను. గీజరుకు అంటే ఇవ్వను. పక్క కొట్టులో కొనుక్కుంటారని తెలుసు, అయినా ఇవ్వను.

4. కుళాయి నీళ్ళలోకి కాలువ నీళ్ళు.

అధికారులు దయచేసి నింపాదిగా చదవవలసింది ఈ అంశం. గ్యాసు ఒక ఇంటిని కాలుస్తుంది. ఇది వీధినంతా మంచాన పడేస్తుంది.

మా వీధుల్లో మెయిన్ లైను రోడ్డు పక్కన ఉంటుంది, ఇంటికీ దానికీ మధ్య మురుగు కాలువ. కనెక్షను ఇచ్చేటప్పుడు కాలువ పైనుంచి తేవాలంటే రెండు ఎల్బోలు ఎక్కువ పడతాయి, రాయి పగలగొట్టాలి. అందుకని పైపును కాలువలోంచే లాగుతారు. జీఐ పైపయితే, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపయితే, మరలు కోసిన చోట పైపూత ఉండదు, ముందు తుప్పు పట్టేది అక్కడే. పీవీసీ అయితే కాలువ పూడిక తీసే పార తగిలి పగులుతుంది. నీళ్ళు వస్తున్నంతసేపు ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది కాబట్టి మంచినీళ్ళు కాలువలోకి కారతాయి, అంతే. నీళ్ళు ఆగాక పైపు ఖాళీ అవుతుంది. ఆ సమయంలో ఎవరో ఒకరు చివరి నీళ్ళ కోసం లైనుకే నేరుగా మోటారు బిగించి లాగుతారు. అప్పుడు పైపు లోపల ఒత్తిడి బయటి గాలికంటే తక్కువవుతుంది. ఏ పగులు లోంచి నీళ్ళు బయటికి పోయాయో ఆ పగులు లోంచే మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు పొద్దున్న మొదటి బిందె ఎవరు పడితే వాళ్ళకే ఆ ప్రసాదం.

2014 చివరి నుంచి 2015 వరకు సంబల్‌పూర్‌లో కామెర్లు ప్రబలాయి, అది నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ. ఈ జబ్బు గర్భిణులకు, ముఖ్యంగా నెలలు నిండుతున్నవాళ్ళకు ప్రాణాంతకం. 2022 జూలైలో మన రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో కలరా వ్యాపించి మనుషులు పోయారు. మా వీధిలో ఏటా వానలు పడగానే విరేచనాలు మొదలవుతాయి. మందుల కొట్టులో ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే మా కొట్టులో పైపు పగుళ్ళు మూసే క్లాంపులు, ఎం-సీల్ అయిపోతాయి.

మోటార్లు పెట్టినవాళ్ళను పట్టుకుని జరిమానా వేస్తే సరిపోతుందని కొందరంటారు. నాకు అది సబబుగా తోచదు. లైను చివర ఉన్న ఇంటికి మోటారు లేకపోతే బిందె నిండదు. ముందు చివరి ఇంటికి ఒత్తిడి అందించండి, తర్వాత మోటారు సంగతి చూడండి. 24 గంటలూ పైపు నిండుగా ఉంటే మురుగు లోపలికి రావడానికి సందే ఉండదు. పూరీలో 2021లో కుళాయి నీళ్ళే నేరుగా తాగేలా ఏర్పాటు చేశారు. మన రాష్ట్రంలోనే జరిగిన పని, మన ఇంజనీర్లే చేసిన పని. అది వచ్చేవరకు ఇళ్ళవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. వీధి నీళ్ళను ముందు సంపులోకి వాటంతట అవే పడనివ్వాలి, పడే పైపు మూతి సంపు నీటిమట్టానికి పైన ఉండాలి, మోటారు సంపు నుంచి ట్యాంకుకు మాత్రమే ఉండాలి.

5. కంపు, గొయ్యి, బావి.

గంజాం, గజపతి వైపు పాత ఇళ్ళు తెలిసినవే. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ, గోడకు గోడ ఆనుకుని, వెనక పెరట్లో బావి. ఇప్పుడు ఆ పెరట్లోనే సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే ఇంకుడు గొయ్యి. ఇంకుడు గొయ్యికీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ఐఎస్ 2470 చెబుతోంది. మా పెరళ్ళలో అంత చోటే లేదు. మీ గొయ్యి మీ బావికి దూరంగా తవ్వినా పక్కింటివాళ్ళ బావికి దగ్గరవుతుంది. చోటు లేనిచోట ఇంకుడు గొయ్యి లేకుండా మూసిన ట్యాంకు కట్టి, నిండినప్పుడు బండితో తీయించుకోవడమే దారి. ఆ బండి పిలిస్తే వచ్చేలా, పేదవాడు భరించే ధరలో ఉండాలి. లేదంటే మళ్ళీ ఎవరినో ఒకరిని రాత్రిపూట గోతిలోకి దించుతారు. అందులోని విషవాయువుకు మనిషి రెండు నిమిషాలు కూడా ఆగడు, తీయడానికి దిగిన రెండోవాడూ ఆగడు. 2013 చట్టం ఆ పని చేయించడాన్నే నేరమంటోంది.

కంపు సంగతి క్లుప్తంగా చెబుతాను. స్నానాల గదిలో నేలమీద ఉండే నహానీ ట్రాపులో రెండు అంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి, ఆ నీళ్ళే కంపుకు తలుపు. నీళ్ళు తొందరగా పోవడం లేదని అందులోని గిన్నె తీసి పారేస్తారు. ఇక బొద్దింకలు, కంపు నేరుగా ఇంట్లోకే. పైగా కంపు గాలిని ఇంటి పైకి పంపే వెంట్ పైపు దండగ అని మానేస్తారు. ఆ తర్వాత నెలనెలా ఫినాయిలు కొంటారు.

6. పని నేర్చుకున్నది ఎక్కడ?

ప్లంబింగ్‌లో ఒడిశా పేరు దేశమంతా తెలుసు. కేంద్రపడ జిల్లా పట్టాముండై వైపు కుర్రాళ్ళు ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, గల్ఫ్ దాకా వెళ్ళి ఈ పనే చేస్తున్నారు. పట్టాముండైలో ప్లంబింగ్‌కు ప్రత్యేకంగా ప్రభుత్వ శిక్షణ సంస్థే ఉంది. గర్వపడాల్సిన విషయం. కానీ అది రాష్ట్రానికి ఆ చివర, మేం ఈ చివర. మా కుర్రాడు మేస్త్రీ వెనక సుత్తి, శానం మోస్తూ గోడలు పగలగొట్టడంతో మొదలుపెడతాడు. రెండేళ్ళకు పైపు రెంచి చేతికి వస్తుంది. ఎల్బో ఎలా అతికించాలో తెలుస్తుంది, ఎందుకు అక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. చన్నీళ్ళ పీవీసీకి వాడే సొల్యూషనే వేడినీళ్ళ సీపీవీసీకీ పూస్తాడు. నాలుగు నెలలకు అతుకు ఊడుతుంది, పైపు కంపెనీని తిడతారు. గ్యాసు పని అడిగినా కాదనడు, అదీ పైపే కదా అంటాడు.

చేతివృత్తులవాళ్ళ కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. తాపీమేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడు కూడా ఉన్నాడు. ప్లంబరు లేడు. మన నీళ్ళు, మన మురుగు, కొన్నిచోట్ల మన గ్యాసు కూడా అతని చేతిలోనే ఉన్నాయి మరి.

ముందుముందు పైపుల ద్వారా వచ్చే సహజవాయువు మా ఊళ్ళకూ వస్తుంది. అది సిలిండరు గ్యాసుకు పూర్తిగా భిన్నం. గాలికంటే తేలిక, పైకి పోతుంది. గాలి దారి పైన ఉండాలి. పొయ్యిలో గ్యాసు చిమ్మే సన్న కన్నం ముక్క, అంటే జెట్టు, మార్చాలి. కింది కన్నం సంగతే తెలియని చోట పై కన్నం సంగతి ఎవరు చెబుతారు?

మా డిమాండ్లు ఇవి:

ఒకటి. ఐదేళ్ళ తనిఖీకి వచ్చినవారు వంటిల్లు చూడాలి. గొట్టం మీది తేదీ, సిలిండరు ఉన్న చోటు ఫొటో తీసి కాగితానికి జతచేయాలి. ఒక ప్రతి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. తనిఖీ చేసే కుర్రాళ్ళకు ఇళ్ళ లెక్కన కాకుండా రోజు లెక్కన జీతం ఇవ్వాలి. ఈ ఒక్క మార్పు జరిగితే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయని నా నమ్మకం.

రెండు. గడువు తీరిన గొట్టం తెచ్చిన ఉజ్జ్వల కుటుంబాలకు కొత్త గొట్టం ఉచితంగా ఇవ్వాలి. పాతది అక్కడికక్కడే కోసి పారేయాలి, లేకపోతే అది దండెం అవుతుంది, దండెం మళ్ళీ గొట్టం అవుతుంది.

మూడు. గ్యాసు జాగ్రత్తలు, 1906 నంబరు, బీమా వివరాలు, చిరునామా నిబంధన ఒడియాతోపాటు తెలుగులో అచ్చువేసి సిలిండరుతో ఇవ్వాలి. గజపతి, రాయగడ కొండల్లో సవర, కుయి మాట్లాడే ఇళ్ళున్నాయి. వాళ్ళకు కాగితం కంటే వాళ్ళ భాషలో చెప్పే మనిషి కావాలి. అంగన్‌వాడీ అమ్మలకు, స్వయం సహాయక సంఘాలకు ఒక పూట చూపిస్తే వాళ్ళే చెబుతారు.

నాలుగు. ప్రతి వార్డులో మురుగు కాలువలోంచి పోతున్న నీళ్ళ కనెక్షన్లను వానలకు ముందే గుర్తించి, కాలువ పైకి మార్చాలి. ఖర్చు ఇంటివాళ్ళ నెత్తిన వేయకూడదు, ఎందుకంటే ఆ కనెక్షన్లకు అనుమతి ఇచ్చింది పట్టణ సంస్థలే. లైను చివరి కుళాయి దగ్గర నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇంటింటికీ తిరిగి నీళ్ళ పని చూసే జలసాథి అక్కచెల్లెళ్ళు ఉన్నచోట వాళ్ళ చేత చివరి ఇంటి దగ్గరే పరీక్ష చేయించి, ఫలితం వీధి మొగలో రాయించాలి.

ఐదు. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు గొయ్యి, బావి, వెంట్ పైపు గీసిన బొమ్మ అడగాలి. సెప్టిక్ ట్యాంకు మీద పలక వేయకముందే ఎవరైనా వచ్చి చూడాలి. పలక పడ్డాక చూసేదేమీ ఉండదు.

ఆరు. బరంపురం మొదలు జయపురం దాకా ఐటీఐలున్న పట్టణాల్లో ఆదివారాలు ప్లంబర్లకు తెలుగు, ఒడియా భాషల్లో శిక్షణ పెట్టాలి. నీళ్ళ పనికీ గ్యాసు పనికీ విడివిడిగా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. వచ్చినవాడికి ఆ రోజు కూలి ఇవ్వాలి, లేకపోతే రాడు. లైసెన్సు పేరుతో మాత్రం వాళ్ళను ఆఫీసుల చుట్టూ తిప్పవద్దు. కాగితం ఉన్నవాడు పేరు అద్దెకిచ్చి, కాగితం లేనివాడే పని చేసే పద్ధతి కరెంటు పనుల్లో చూస్తూనే ఉన్నాం. ప్లంబరును విశ్వకర్మ పథకంలో చేర్చమని రాష్ట్రం నుంచి కేంద్రానికి రాయాలి.

ఏడు. ఐఎస్ గుర్తు లేని గ్యాసు గొట్టాలు అమ్మే కొట్ల మీద, సంతల మీద చర్య తీసుకోవాలి. మాలాంటి కొట్లతోనే మొదలుపెట్టండి, మాకు అభ్యంతరం లేదు.

ఎనిమిది. గ్యాసు, నీళ్ళు, మురుగు మూడింటికీ ప్రతి పట్టణంలో ఒకే అధికారిని బాధ్యుడిగా పెట్టి, ఆయన ఫోను నంబరు నీళ్ళ బిల్లు మీద అచ్చువేయాలి. 'అది మా శాఖ కాదు' అనే జవాబు ఆ ఫోనులో వినబడకూడదు.

మేస్త్రీ సోదరులకు ఒక మాట. మీరు నా దగ్గర అప్పు రాయించుకునేవాళ్ళు, నేను మీ వల్ల బతికేవాణ్ణి, కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఇంటివాళ్ళు ఒత్తిడి చేసినా స్నానాల గదిలో గ్యాసు గీజరు బిగించకండి, సేఫ్టీ వాల్వుకు ప్లగ్గు కొట్టకండి, గ్యాసు పని రాకపోతే రాదని చెప్పండి. పని పోతుందని మీకు టెన్షన్. నిజమే, కొన్ని పనులు పోతాయి. ఎవరైనా చనిపోతే పోలీసులు ముందు అడిగేది బిగించినవాడి పేరే.

ఈ లేఖ ప్రతులు మీ అందరికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఈ వానలు మొదలయ్యేలోగా కనీసం మొదటిదానికీ నాలుగోదానికీ జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. జవాబు ఒడియాలో ఇచ్చినా పరవాలేదు. కొట్టుకు వచ్చేవాళ్ళకు నేనే చదివి చెబుతాను.

ఇట్లు,
వీధివాసుల తరఫున,
ఒక పైపుల సామాన్ల కొట్టు యజమాని,
దక్షిణ ఒడిశా